ఐదు, ఆరు టెర్మినళ్ల ముట్టడి

సూర్యుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనకనుంచి మెడ చాచి ఆ ఇంటి ముందుగదిలోకి తొంగిచూసిన శుభసమయాన, గోడగడియారం తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ చూపుతుండగా, ఫినాయిలు పరిమళం అష్టదిక్కులా వ్యాపిస్తుండగా, తడినేల అనే మహాసముద్రం నడుమ ఒక ముక్కాలిపీట ద్వీపంలా వెలుగొందుతుండగా, ఆ ఇంటి చిన్నమ్మాయి తుడుపుగుడ్డను బకెట్లో ముంచి, గట్టిగా పిండి, పీట చుట్టూ నాలుగోసారి తుడుస్తోంది. నాలుగోసారి ఎందుకంటే, పీట ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఆమె తండ్రి తీగలు చెక్కినప్పుడల్లా ప్లాస్టిక్ తొక్కలను నేల రాల్చి, వాటిని చెప్పులతో తొక్కి, గది నాలుగు మూలలకూ సమానంగా పంచిపెడుతున్నాడు.

వీరగాథ అన్నాక ముందు వీరుణ్ణి పొగడాలి. పొగుడుదాం. మూడు దశాబ్దాల కరెంటు ప్యానెళ్ల సంగ్రామాల్లో ఆరితేరినవాడు, లెక్కకు మిక్కిలి ఫ్యూజులకు ఊపిరిపోసినవాడు, షాకు కొట్టి మూడడుగులు వెనక్కి ఎగిరిపడ్డా “ఏం లేదు, చీమ కుట్టింది” అని పలకగల ధీరగంభీరుడు, రిటైరైన నాటినుంచి సొంత ఇంటి కాలింగ్ బెల్లు బాగుచేస్తానని ప్రతిజ్ఞ చేసి రెండేళ్లయినా ఆ ప్రతిజ్ఞ మీదే నిలబడి ఉన్న సత్యసంధుడు! వీధిలో ఆయన్ని మెయిన్‌స్విచ్ అంటారు. ఆయన నోరు విప్పితే ఎదుటివాళ్ల నోళ్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి కనక.

ఇక శత్రువు. పీట మీది ఇనుపపెట్టెలో, మోటారుకి కరెంటు కలిపి తెంచే కాంటాక్టరు పక్కన, రెండు ఇటుకలంత ఉన్న బూడిదరంగు బ్రేకు మాడ్యూలు. మోటారు ఆపగానే దాన్ని పట్టి నిలబెట్టడం దాని పని. తాడూ గొలుసూ లేకుండానే, తిరుగుతున్న మోటారులోకి ఇంకోరకం కరెంటు పంపించి బిగబట్టేస్తుంది. లావుపాటి తీగలన్నీ నిన్న సాయంత్రమే బిగిశాయి. బిగిసిన ప్రతి తీగకూ ఒక ప్రసంగం చొప్పున జరిగింది కూడా. మిగిలినవి రెండు సన్నతీగలు. రెండంటే రెండు. మాడ్యూలు కింది అంచున పచ్చటి ప్లాస్టిక్ వరసలో, టెర్మినళ్లనే బియ్యపుగింజంత కన్నాలకు ఐదు, ఆరు అని అంకెలు వేసి ఉన్నాయి. ఆ రెండు కన్నాల్లోకి ఆ రెండు తీగలూ వెళ్లి కూర్చోవాలి. ఆపు బటను నొక్కగానే కాంటాక్టరు ఆ రెండు తీగలనూ ఒకదానితో ఒకటి కలుపుతుంది. ఆ కలయికే సంకేతం. అది అందగానే మాడ్యూలు బ్రేకు వేస్తుంది.

ఈ మహాకార్యం ఎవరి కోసమో కూడా చెప్పాలి, ఈ వీరుడికీ, రాబోతున్న రెండో వీరుడికీ మధ్యాహ్నానికల్లా అది గుర్తులేకుండా పోయింది కాబట్టి. అమ్మ కోసం. అమ్మ కలప మిల్లులో గుండ్రటి రంపం దగ్గర పలకలు తోసే పని చేస్తుంది. ఆ రంపాన్ని ఆపినా ఆగదు. చప్పుడు తగ్గిపోయి, పళ్లు కనిపించకుండా నున్నగా మెరుస్తూ, రెండున్నర నిమిషాలు తనపాటికి తను తిరుగుతూనే ఉంటుంది. పోయిన గురువారం, ఆగిందనుకుని ముక్క తియ్యబోతే అమ్మ చేతితొడుగు బొటనవేలు ఎగిరి అవతల పడింది. అసలు వేలు ఆ క్షణాన లోపలికి ముడుచుకుని ఉంది కాబట్టి మిగిలింది. అమ్మ రెండు రోజులు రంపం దగ్గర నిలబడనని భీష్మించుకుంటే యజమాని ఈ మాడ్యూలు కొన్నాడు. “ఇవాళ రెండింటికి షిఫ్టు మారేటప్పుడు అరగంట రంపం ఆపిస్తా. పెట్టె వస్తే మా ఎలక్ట్రీషియను బిగిస్తాడు. రాలేదా, వచ్చే నెలే,” అన్నాడు. “పెట్టె మా ఆయన కడతాడు,” అంది అమ్మ. ఆ మాట అన్నందుకు ఆమె నిన్నటినుంచి తనను తాను తిట్టుకుంటోంది.

మెయిన్‌స్విచ్ మహాశయుడు ఆయుధాలను పీట పక్కన వరసగా పేర్చాడు. ఏడు స్క్రూడ్రైవర్లు. వాటిలో ఏ ఒక్కటీ ఆ కన్నాల పైనున్న చిన్న స్క్రూలకి పట్టేది కాదు. పట్టేది కుట్టుమిషను డబ్బాలో ఉంది. చిన్నమ్మాయి అడక్కుండానే దాన్ని తెచ్చి వరస చివర పెట్టింది. ఆయన దాన్ని ఎప్పుడూ తనదే అన్నట్టు తీసుకున్నాడు.

ఆపైన టెస్టరు ఎత్తాడు. చివర చిన్న దీపం ఉన్న ఆ టెస్టరే ఆయనకు కన్నూ, చెవీ, వేదమూ. దీపం వెలిగితే ప్రాణమున్నట్టు, వెలక్కపోతే లేనట్టు. ఐదులో గుచ్చాడు. వెలగలేదు. ఆరులో గుచ్చాడు. వెలగలేదు.

“చూశావా అమ్మాయ్? రెండూ చచ్చి పడున్నాయి.”

“అందులో కరెంటు ఉండదు నాన్నా. మాడ్యూలుతో వచ్చిన కాగితంలో…”

“కరెంటు లేని టెర్మినల్ అంటే ఏంటో తెలుసా? ఆకలితో ఉన్న టెర్మినల్. తిండి పెట్టకుండా పని చెయ్యమంటే ఎవడు చేస్తాడు? నువ్వు చేస్తావా?”

పొద్దున్నించీ టీ కూడా తాగకుండా తుడుస్తున్న చిన్నమ్మాయి గుడ్డను ఇంకోసారి పిండింది.

“బయటి కరెంటు ఇస్తే లోపలి సర్క్యూట్ కార్డు కాలిపోద్దని రాసుంది. బొమ్మ కూడా వేశారు, మెరుపుగుర్తు మీద అడ్డగీత.”

“రాసినవాడెప్పుడైనా షాకు తిన్నాడా?”

రాసినవాడి జీవితచరిత్ర ఆ కాగితంలో వెయ్యలేదు.

సరిగ్గా అప్పుడు వీధిలో మోటారుసైకిలు శంఖంలా మోగింది. దిగినవాడు పెద్దమ్మాయి మొగుడు, అంటే ఈ ఇంటి అల్లుడు. కంపెనీవాళ్లు పెట్టిన రెండురోజుల ట్రైనింగుకి వెళ్లొచ్చిన నాటినుంచి అతన్ని ఇంట్లో సర్టిఫికెట్ అల్లుడు అంటున్నారు. మొదటిరోజు పరిచయాలు, రెండోరోజు గ్రూపుఫోటో. ఆ రెంటి నడుమ సంపాదించిన జ్ఞానాన్ని ప్లాస్టిక్ కవరు వేయించి బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాడు. సెలవురోజు ఇంట్లో కూర్చోలేక, మావగారు యుద్ధంలో ఉన్నారని విని, సాయం పట్టడానికి కాదు, తప్పు పట్టడానికి వచ్చాడు.

“మావయ్యగారూ, ఐదూ ఆరూ వోల్టేజీ లేని కాంటాక్టులు. ముట్టుకోకండి.”

“రండి బాబూ, రండి. కూర్చోండి. వోల్టేజీ ఎందుకు ఉండకూడదో సెలవివ్వండి.”

“ట్రైనింగులో సార్ చెప్పారు.”

“సార్ ఎందుకని చెప్పాడు?”

“ఎందుకనేది మూడోరోజు చెప్తారంట. మాది రెండురోజుల కోర్సు.”

మెయిన్‌స్విచ్ కుర్చీలోంచి లేచాడు. లేచినప్పుడు ఆయన మోకాళ్లు యుద్ధభేరుల్లా టకటకమన్నాయి. ఎడమచేతిని నడుము మీద ఉంచి, కుడిచేతిలో టెస్టరును ఖడ్గంలా పైకెత్తి, మాడ్యూలును ఉద్దేశించి ఇలా గర్జించాడు:

“ఏమే ఐదో నంబరూ! నేనెవరనుకున్నావే? ఇంతుంటావు, నీకింత పొగరా? పేపరుమిల్లు ప్యానెల్ కాలిపోతే ఒక్క పూటలో లేపి నిలబెట్టిన చెయ్యే ఇది! ఇంజనీర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు నా వెనకాల! నా చేతికింద కరెంటు లేకుండా బతికిన టెర్మినల్ ఒక్కటి లేదు, ఇప్పుడు నీతో మొదలెట్టను! ఇదిగో, ఇస్తున్నా, కడుపునిండా తిను!”

“కాలిపోతే యజమాని ఇంకోటి కొనడు,” అంది అమ్మ వంటగది గుమ్మంలోంచి. ఆమె గరిటె పట్టుకుని గడియారం వైపు చూస్తోంది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. వీరరసం చెవుల్లో నిండినప్పుడు గృహిణుల గొంతులు వినపడకపోవడం ఈ గాథల్లో సహజమే.

ఆయన పెట్టెలోకి కరెంటు తెచ్చే లైవు తీగ అందుకోవడానికి వంగాడు. చెప్పి లాభం లేదు, రెండుసార్లు చెప్పింది. ఆమె తుడుపుగుడ్డ తీసుకుని, తలవంచుకుని, గోడవారగా తుడుచుకుంటూ వెళ్లి, తుడుస్తూ తుడుస్తూనే గోడకున్న, పెట్టె తాలూకు పెద్ద ప్లగ్గు పీకి పక్కన పెట్టింది. మళ్లీ తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. ఈ వీరగాథలో జరిగిన ఒకే ఒక్క సాహసం ఇది. దీనికి ఏ భేరీ మోగలేదు.

మెయిన్‌స్విచ్ అలవాటు కొద్దీ ముందు లైవు తీగకి టెస్టరు పెట్టాడు. దీపం వెలగలేదు. దులిపాడు. వెలగలేదు. నోటితో ఊది, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టాడు. వెలగలేదు. ఆయన మొహంలో రంగులు మారాయి. గోడ వైపు అడుగు వెయ్యబోయాడు.

“నేల తడిగా ఉంది నాన్నా, జారతారు.”

ఆగాడు. కుర్చీలో కూలబడి, టెస్టరును కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ముప్పైయేళ్ల అనుభవం బుర్రలో సుడులు తిరిగింది. చివరికి తల పంకించాడు.

“టెస్టరు చచ్చింది.”

“అయితే?” అన్నాడు అల్లుడు.

“అయితే ఏంటి బాబూ, చచ్చిన టెస్టరు చెప్పిన సాక్ష్యం చెల్లదు. ఐదూ ఆరుల్లో దీపం వెలక్కపోవడం వాటి తప్పు కాదు. అంటే వాటిలో కరెంటు ముందునుంచే ఉంది. నేను మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఉన్నదానికి ఇస్తే అజీర్తి.”

“నేను చెప్పిందీ అదేగా! ఇవ్వొద్దనేగా!”

“మీరు లేదు కాబట్టి ఇవ్వొద్దన్నారు. నేను ఉంది కాబట్టి ఇవ్వనంటున్నా. రెండూ ఒకటేనా?”

ఇలా అబద్ధపు తర్కం నడిచి నడిచి నిజం గుమ్మం ముందు ఆగింది. మాడ్యూలు బతికింది. చిన్నమ్మాయి బకెట్లో నీళ్లు పారబోసి వచ్చింది. గడియారం పదిన్నర చూపుతోంది.

ఇక ప్రధాన యుద్ధం. తీగను కన్నంలో దూర్చి, స్క్రూ బిగించాలి. మెయిన్‌స్విచ్ దూర్చాడు, బిగించాడు, స్క్రూ గట్టిగా ఆగేదాకా తిప్పి, “అయిపోయింది!” అని చప్పట్లు కొట్టి లాగి చూశాడు. తీగ వెన్నలోంచి వెంట్రుకలా జారి బయటికొచ్చింది. మళ్లీ దూర్చాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ జారింది. మూడోసారికి తీగలోని రాగిపోగులు విచ్చుకుని అరిగిపోయిన చీపురులా అయ్యాయి. నలిపి, తడి చేసి, చివర కత్తిరించి, కొత్తగా చెక్కి, నాలుగోసారి దండెత్తాడు. శత్రువు నాలుగోసారీ వీరుడి ఆయుధాన్ని లోపలికి రానిచ్చి, మర్యాదగా బయటికి సాగనంపింది.

“ఇటివ్వండి మావయ్యగారూ. ఇది టెక్నిక్‌తో చెయ్యాల్సిన పని,” అన్నాడు సర్టిఫికెట్ అల్లుడు. తీసుకున్నాడు. టెక్నిక్ అంటే నాలిక బయట పెట్టడం అని అందరికీ అర్థమైంది. అతని తీగా జారింది.

“టెక్నిక్ బాగుంది బాబూ. నాదానికంటే తొందరగా ఊడింది.”

“మీరు దాన్ని అరగ్గొట్టి ఇచ్చారు!”

“అవును, కన్నం అరిగిపోయింది పాపం, పొద్దున్నే పుట్టిన కన్నం.”

చిన్నమ్మాయి నేల మీద కూర్చుని తీగతొక్కలు ఏరుతోంది. ఆమె కళ్లు ఆ కన్నానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. కుడికి తిప్పినప్పుడు కన్నంలోపల ఒక చిన్న ఇత్తడిరేకు పైకి లేస్తోంది. తండ్రి కాలంలో టెర్మినళ్లంటే బోల్టూ నట్టూ. తీగ చుట్టి బిగిస్తే సరి. ఇది అలాంటిది కాదు. ఆ రేకు పైకి లేచి తీగను కప్పుకు అదిమి పట్టాలి. కొత్త మాడ్యూలులో అది సగం లేచే ఉంది. అంచేత తీగ దాని మీదికి కాక కిందికి పోతోంది. స్క్రూ ఎంత బిగించినా రేకు ఖాళీ గాలినే పట్టుకుంటోంది.

“నాన్నా, ముందు స్క్రూ ఎడమకి పూర్తిగా విప్పండి. లోపలి రేకు దిగుతుంది.”

“బిగించాల్సిన చోట విప్పమంటుందేంటి ఈ పిల్ల?” అన్నాడు తండ్రి.

“మరదలా, నువ్వు కాస్త పక్కకి జరుగు, వెలుతురు అడ్డం,” అన్నాడు బావ.

ఆమె వెలుతురుకి అడ్డం తొలగింది. పదకొండయింది. పన్నెండయింది. అమ్మ భోజనానికి పిలిచింది, వీరులు రాలేదు. “నువ్వు రా,” అని చిన్నమ్మాయికి వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

“అవుద్దంటావా?”

“అవుద్దమ్మా. రెండు నిమిషాల పని.”

“రెండు నిమిషాల పనైతే మగాళ్లకి ఒక పూట పట్టుద్ది. నాకు నెల రోజులు ఆ రంపం ముందు నిలబట్టం…” అని ఆగిపోయి, కంచంలోకి చూసి, “తిను, తిను,” అంది.

ముందుగదిలో యుద్ధం తారస్థాయికి చేరింది. మావగారి కుడిచేతి చూపుడువేలికి పొక్కు లేచింది. అల్లుడి చొక్కా చంకల దగ్గర తడిసి అట్లాసు పటంలా అయింది. ఒకటింబావుకి తొమ్మిదోసారి తీగ జారినప్పుడు సర్టిఫికెట్ అల్లుడు ఓర్పు నశించి, ఆ స్క్రూను మొదలంటా ఊడబెరికి వీధిలోకి విసిరేస్తానని భీకరశపథం చేసి, పళ్లు బిగించి ఎడమకి తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు. అది ఊడి రాలేదు, ఒకచోట ఆగిపోయింది. ఇత్తడిరేకు సవినయంగా కిందికి దిగి కూర్చుంది.

“లెగండి, లెగండి, అది మీ వల్ల కాదు,” అని మావగారు స్క్రూడ్రైవరు లాక్కుని, తీగను కోపంగా లోపలికి కుక్కి కుడికి బిగించాడు. లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. పీట కదిలింది గాని తీగ కదల్లేదు.

తరవాత ఇద్దరూ ఒకేసారి:

“పట్టించాను!”

“నేను!” అన్నాడు అల్లుడు. “ఎడమకి తిప్పి దాని పొగరు దించింది నేను. తరవాత బిగించడం ఎవరైనా బిగిస్తారు.”

“విప్పడం పనా బాబూ? విప్పడానికి దొంగలు చాలు. కుడికి తిప్పి బంధించింది ఎవరు?”

“నేను విప్పకపోతే మీరు దేన్ని బంధిస్తారు?”

“నేను బంధించకపోతే మీరు విప్పింది ఎందుకు?”

ఈ తాత్విక చర్చ సాగుతుండగా చిన్నమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, ఆరో నంబరు స్క్రూను ఎడమకి చివరిదాకా విప్పి, రెండో తీగను లోపలికి పెట్టి, కుడికి బిగించి, ఒక్కసారి లాగి చూసి, లేచింది. చర్చలో ఒక్క వాక్యం కూడా తప్పిపోలేదు. వెళ్లి ప్లగ్గు పెట్టింది. పరీక్షకని గది మూల ఉంచిన చిన్న మోటారుకి తీగలు నిన్ననే కలిపి ఉన్నాయి.

“నాన్నా, ఆన్ చెయ్యనా?”

“ఆగు!” మెయిన్‌స్విచ్ అలవాటు కొద్దీ లైవు తీగకి టెస్టరు పెట్టాడు. దీపం ఎర్రగా వెలిగింది.

అల్లుడు దాన్ని చూశాడు. మావగారిని చూశాడు. “చచ్చిందన్నారు?”

“విశ్రాంతి తీసుకుంది,” అన్నాడు మెయిన్‌స్విచ్, ఏమాత్రం తొణక్కుండా.

చిన్నమ్మాయి పచ్చబటను నొక్కింది. మోటారు గర్జించి వేగం అందుకుంది. కిటికీ ఊచలు వణికాయి. అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిన్నమ్మాయి ఎర్రబటను నొక్కింది. పెట్టెలో టక్కుమంది. మోటారు మూలిగింది, ఎవరో మెడ పట్టుకున్నట్టు బిగుసుకుంది, ఆగిపోయింది.

“నాలుగు,” అంది అమ్మ. ఆమె లెక్కపెట్టింది. రెండున్నర నిమిషాలు లెక్కపెట్టడం అలవాటైన మనిషికి నాలుగు సెకన్లు ఎంత చిన్నవో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. ఇంకోసారి నొక్కమంది. నాలుగే.

ఓహో! దిక్కులు ప్రతిధ్వనించుగాక! రెండు కన్నాలు, రెండు తీగలు, ఒక సాయంత్రమూ ఒక పూటా, ఏడు పనికిరాని స్క్రూడ్రైవర్లు, ఒక పొక్కు, ఒక మృతిచెంది లేచిన టెస్టరు! ఇంత మూల్యం చెల్లించి ఐదో నంబరు జయింపబడెను. ఆరో నంబరు ఎలా జయింపబడెనో ఎవరూ అడగలేదు కాబట్టి అదీ జయింపబడినట్టే!

“ఫోటో తియ్యాలి,” అన్నాడు అల్లుడు. “నేను వేలు చూపిస్తూ. ట్రైనింగు గ్రూపులో పెడతా.”

“మీ వేలెందుకు బాబూ? మూత మీద ముందు నా పేరు రాయాలి. ప్యానెల్ కట్టినవారు అని. అమ్మాయ్, పెయింటు ఎక్కడుంది?”

“కట్టినవారు మీరు రాసుకోండి. పరీక్షించినవారు నేను.”

“బటను నొక్కింది మీరా?”

“మీరా?”

“అసలు ఎడమకి తిప్పడం అనేది…”

“కుడికి తిప్పకపోతే…”

“పెయింటు ఆరాక, నేనే స్వయంగా ఆటోలో తీసుకెళ్తా. యజమానితో రెండు మాటలు చెప్పాలి, ఇలాంటి పని ఇంకెవరివల్లా కాదని.”

“నేనూ వస్తా. మీరు ఎడమ సంగతి చెప్పరు.”

గడియారం రెండుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపుతోంది. చిన్నమ్మాయి ప్లగ్గు పీకి, పరీక్ష మోటారు తీగలు విప్పి, పెట్టె మూత మూసి, గొళ్లెం వేసింది. ఆమె తల ఎత్తేసరికి అమ్మ పక్కనే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ వంగి, పెట్టెను రెండు చేతులా లేపి, నడుము మీద ఆనించుకుని, ఎడమా కుడీ తేలని ఆ ఇద్దరు వీరుల మధ్యనుంచి నడిచి, గడప దాటి, మెట్లు దిగి, ఒక్క మాట అనకుండా మిల్లు వైపు వెళ్లిపోయింది.